చెవులు అడిగిన రోజు

మా కొండల్లో చిరుతలు ఉన్నాయా లేవా అనే వాదం పెనుకొండలో ఏ కాఫీ హోటల్లో మొదలైనా తెగేది కాదు. యాభైల నాటి మాట. హైస్కూల్లో మాకు భూగోళం చెప్పిన అయ్యవారు, "చెట్టు లేని కొండమీద మేకపిల్లే దాక్కోలేదు, చిరుత ఎట్ల దాక్కుంటుందిరా?" అని నవ్వేవాడు. ఫారెస్టు గార్డు ఒకాయన తమ కాగితాల్లో ఈ పక్క చిరుత లేదని చెప్పి, ఆ సంగతి చిరుతకు కూడా తెలుసన్నట్టు ధీమాగా బీడీ కాల్చేవాడు. రొద్దం నుంచి వచ్చే బండ్లవాళ్లు మాత్రం పొద్దు వాలకముందే మా ఊరి కనుమ దాటేవాళ్లు. ఎందుకంత తొందర అంటే ఎద్దులకు దప్పికైందని చెప్పేవాళ్లు.

నేను ఆ వాదాల్లో దూరేవాణ్ని కాదు. ఎవరైనా నన్నే అడిగితే "ఏమోనప్పా" అని లేచిపోయేవాణ్ని. ఆ ఏమో అనేది అబద్ధం. నాకు ఇరవై మూడేళ్లప్పుడు, పొద్దు ఇంకా కొండమీద ఉండగానే, పదిహేను గజాల దూరంలో చిరుతను చూశాను. చూసి, చూడలేదని చెప్పాను. చెప్పినందుకు నాకు పెళ్లయింది. మాకు పాతికేళ్లు గొర్రెలు కాసిన మనిషికి ఊరు లేకుండా పోయింది.

మా ఊరు పెనుకొండకూ రొద్దానికీ మధ్య కొండల సందులో ఉంటుంది. కొండలంటే చెట్లున్న కొండలు కావు. ఇంతింత రాతిగుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి, వాటి మధ్య ముళ్లకంప. కొండ మొదట్లో రాతిబండలతో కట్టిన గూడు ఒకటి ఉండేది. మా అవ్వ చిన్నప్పుడు అందులో మేకను కట్టేసి చిరుతను పట్టేవాళ్లట. నా కాలానికి అది గొర్రెల కాపర్లు వానకు దూరే చోటు. ఆ గూడు ఎందుకు కట్టారో తెలిసినవాళ్లు కూడా ఇప్పుడు చిరుతలు లేవనే అనేవాళ్లు. అవన్నీ పోయినాయి, తెల్లోళ్లు కాల్చేసినారు అనేవాళ్లు.

మా ఇంటి గొర్రెలు అరవై దాకా ఉండేవి. ఇంకో మూడిళ్లవాళ్లవి కూడా కలిపి ఒకే కాపరి మేపేవాడు. పుట్టిన గొర్రెపిల్లల్లో కూలి కింద సగం ఆయనవి, సగం మావి. నేను పుట్టకముందు నుంచి ఆయనే కాపరి. సన్నటి మనిషి, ఎండాకాలంలో కూడా భుజం మీద కంబళి. మనుషులతో తెలుగు మాట్లాడేవాడు, గొర్రెలతో కన్నడం. గొర్రెలకు తెలుగు రాదా అని మేము ఎగతాళి చేస్తే, "వస్తాది. మీ మాటలు విని చెడిపోతాయని నేర్పల్యా" అనేవాడు.

ఇక్కడ చెవుల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది ఎంత పనో తెలియదు.

గొర్రెపిల్ల పుట్టిన కొన్నాళ్లకు దాని చెవికి గాటు పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. మా ఇంటిది ఎడమ చెవి కొసన చీలిక, కుడిచెవి కింద అర్ధచంద్రంలా ఒక కోత. గొర్రె రోగమొచ్చి చచ్చినా, తోడేలు పట్టినా, కాపరి దాని చెవులు తెచ్చి గొర్రె సొంతదారుకు చూపించాలి. మా ఇంట్లో ఆ పని అవ్వది. చెవులు చేతిలోకి తీసుకుని గాటు తడిమి, "మనదే" అని పెరట్లోకి విసిరేసేది. దాంతో అయిపోయేది. చెవులు తేలేకపోతే కూడా మామూలుగా ఎవరూ ఏమీ అనరు. ఏట్లో కొట్టుకుపోయిందనో, లోయలో పడిందనో కాపరి చెప్తాడు, నమ్ముతారు. కానీ ఒక్క మాట మాత్రం అనకూడదు. పదిమంది ముందర కాపరిని "చెవులు యాడ?" అని అడగకూడదు. అడిగితే గొర్రెను అమ్ముకున్నావని మొహానే చెప్పినట్టు. అడిగిన తర్వాత చెవులు రావాలి, లేదా కాపరి మందను వదిలిపెట్టి పోవాలి. మూడో దారి లేదు. దీన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. మా పక్క ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు నాకు సంబంధాలు చూస్తున్నారు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పినవాణ్ని. మా ఊరికి బస్సు లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు కనుమలో నాలుగు మైళ్లు బండిలో కుదుపులు తిని వచ్చేసరికే సగం మనసు మార్చుకునేవాళ్లు. మూడు సంబంధాలు అట్లాగే పోయాయి. నాలుగోది ధర్మవరం సంబంధం. మావాళ్లే, టౌన్లో శెనక్కాయల మండీ ఉంది. పిల్ల ఎనిమిదో తరగతి చదివింది. నేను ధర్మవరం వెళ్లి చూసి వచ్చాను. నిజం చెప్పాలంటే చూసిన దగ్గర్నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ఇక వాళ్లు వచ్చి మా ఇల్లు చూసుకుని పోతే ఖాయమవుతుంది.

పిల్ల తండ్రికి ఒక భయం ఉందని మధ్యవర్తి ముందే చెప్పాడు. ఆయన అక్కను రొళ్ల పక్క కొండ పల్లెలో ఇచ్చారు. అక్కడ చిరుత దూడను ఎత్తుకుపోయిందని ఆమె పుట్టింటికి వచ్చేసి, ఏడాది దాకా తిరిగి పోలేదట. "మీ ఊర్లో అట్లాంటివేమీ లేవు గదా?" అని మధ్యవర్తి అడిగితే మా నాయన, "మా ఊర్లో పిల్లులు కూడా సరిగా లేవప్పా, ఎలకల బాధ పడలేక చస్తాండాం" అన్నాడు. అందరం నవ్వాం.

వాళ్లు రావడానికి ఇంకో రెండు రోజులుందనగా, విందుకు పొట్టేలును ఎంచుకు రమ్మని నాయన నన్ను మంద దగ్గరికి పంపాడు. సాయంత్రం గొర్రెలు కొండ దిగే వేళ. రాతి గూడుకు కొంచెం పైన కాపరి ఎదురయ్యాడు. ఇద్దరం నిలబడి పొట్టేళ్లను చూస్తున్నాం. "ఇది వద్దప్పా, ముసిల్ది. మీ మామకు పండ్లు ఊడిపోతే పెండ్లి యాడ జరుగుతాది" అంటున్నాడు.

ఉన్నట్టుండి గొర్రెలన్నీ తలలెత్తి ఒకే పక్కకు చూశాయి. నేనూ చూశాను. నాకు బండే కనిపించింది. ఆ బండలో కొంత భాగం కదిలింది. ముందు తోక, తర్వాత వీపు. భూగోళం అయ్యవారు చెప్పింది ఎంత తప్పో ఆ క్షణంలో తెలిసింది. దానికి దాక్కోవడానికి చెట్టు అక్కర్లేదు. ఊరికే కదలకుండా పడుకుంటే చాలు. అది పరిగెత్తను కూడా లేదు. బండమీంచి దిగి, ఒక సూడి గొర్రె మెడ పట్టుకుని, ముందుకాళ్ల మధ్య దాన్ని వేలాడేసుకుని ఎక్కిపోయింది. ఒక్క గొర్రె కూడా అరవలేదు.

నేను అప్పటికే కాపరి వెనక ఉన్నాను. ఎప్పుడు వెళ్లానో తెలియదు. ఆయన కంబళి రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. ఆయన ముందుకు పోబోతే కంబళి లాగినట్టయింది. "వదులప్పా!" అని కంబళి నా చేతుల్లోనే వదిలేసి, ఒడిసెల తిప్పుతూ, కేకలేస్తూ గుండ్లమీదికి ఎక్కాడు. యాభై దాటిన మనిషి. నేను ఆ కంబళి పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

కొంచెంసేపటికి మోకాళ్లు కొట్టుకుపోయి దిగివచ్చాడు.

"గుండ్ల సందులోకి ఈడ్చకపోయినాదప్పా. నెత్తురు ఉండాది, గొర్రె లేదు. మీదే అది." కంబళి తీసుకుని భుజాన వేసుకున్నాడు. నేను దాన్ని ఎట్లా పట్టుకున్నానో ఒక్క మాట అనలేదు. "చెవులు దొరకల్యా. దొరక్కపోతేనేంలే, నువ్వు చూసినావు గదా. నువ్వుండంగా నాకేం."

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. ఆయన గోడలకు సున్నం వేయిస్తున్నాడు. నన్ను పెరట్లోకి తీసుకుపోయి, "నిజంగా చూసినావా?" అన్నాడు.

"చూసినా."

"అయితే మర్సిపో. ఎల్లుండి వాళ్లు వచ్చి పోయేదాకా ఈ ఇంట్లో ఆ మాట రాకూడదు. ఆయప్పకు నేను చెప్పుకుంటాలే. గొర్రె పోతే పోయింది."

చెప్పుకుంటానన్నాడు గానీ సున్నం పనిలో పడి మరిచాడు. నాకూ గుర్తుచేయాలని తోచలేదు.

ధర్మవరం వాళ్లు రైల్లో పెనుకొండ స్టేషన్లో దిగి, బండిలో వచ్చారు. పిల్ల తండ్రి, ఆయన అన్న, ఇంకో పెద్దమనిషి. ఊర్లో సంబంధం మాట కదా, మా వాకిట్లో ముప్పై మంది దాకా చేరారు. అవ్వ కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు ఇచ్చింది. పిల్ల తండ్రి చెంబు తీసుకున్నాడు గానీ నీళ్లు పోసుకోలేదు.

"కాళ్లు కడుక్కోకముందే ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దండి. బండాయన చెప్తాండాడు, మొన్న ఈడ గొర్రెను చిరుత ఎత్తకపాయెనంట?"

నాయన నవ్వాడు. "బండ్లవాళ్లు దోవ సాగకపోతే ఏదో ఒకటి చెప్తారప్పా. చిరుతా లేదు, పాడూ లేదు."

కాపరి వాకిట్లోనే ఉన్నాడు. పొట్టేలును తెచ్చి, పెద్దవాళ్లు వచ్చారని ఒక పక్కన నిలబడ్డాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు కదా. సంతోషంగా ముందుకు వచ్చాడు.

"లేకేం సామీ! మొన్న పొద్దు గుంకే యాళకు నా కండ్ల ముందరే పట్టకపాయ. ఇదో, మా అప్పయ్య కూడా ఉండె ఆడ. రవ్వంత కూడా బయపడల్యా. నా పక్కనే రాయిమాదిరి నిలబడినాడు. అట్లాంటి పిల్లోడు మీకు యాడ దొరుకుతాడు!"

నన్ను పొగుడుతున్నాడు. కాబోయే మామ ముందర నా విలువ పెంచుదామని, కంబళి సంగతి మింగేసి, నేను నిలబడ్డానని అబద్ధం చెప్తున్నాడు.

పిల్ల తండ్రి నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, నువ్వు చూసినావా?"

"లేదు" అన్నాను.

కాపరి నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వాడు. "అదేందప్పా! నా కంబళి పట్టుకుని..." అని ఆగిపోయాడు. ఆగడం కూడా నా కోసమే. కానీ జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "కంబళి పట్టుకున్నాడంట!" అని ఇంకొకరు. ఆ నవ్వు ధర్మవరం వాళ్లదాకా పోయింది. నా చెవులు వేడెక్కాయి. లేదు అన్న మాటతో ఆగి ఉంటే నాయన ఎట్లాగో సర్దేవాడు. నేను ఆగలేదు. నన్ను ఎవరూ అనమనలేదు. నా నోటికి నేనే తెచ్చుకున్నాను.

"చిరుత తినింటే మరి చెవులు యాడ?"

నవ్వు ఆగిపోయింది. పొట్టేలు మెడ గంట ఒక్కటే వినిపిస్తోంది. కాపరి నన్ను కోపంగా చూడలేదు. నేను ఏదో తెలియక అన్నానని, వెంటనే సరిదిద్దుకుంటానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

పిల్ల తండ్రి సేద్యగాడి కొడుకే. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసు. "ఓహో, అదా సంగతి" అని కాపరిని ఒకసారి కిందినుంచి పైకి చూసి, చెంబు వంచి కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు.

భోజనాలయ్యాక నాయన నన్ను పెరట్లో పట్టుకున్నాడు. "ఎవురు అడగమన్నారురా నిన్ను? చిరుత లేదంటే చాలుండె. చెవులు అడుగుతావా?"

"పెండ్లి అయినంక సర్ది చెప్దాంలే నాయనా."

"ఏం సర్దేది? అడిగినంక చెవులు రావల్ల. లేకుంటే ఆయప్ప పోవల్ల. అడిగినోడు నా కొడుకు. నేను లేదంటే నీ మాట నీళ్లలో పోయినట్టే." లోపలికి పోబోతూ, "పాతికేండ్లు" అన్నాడు.

సంబంధం ఖాయమైంది. వారం తిరక్కముందే మిగతా మూడిళ్లవాళ్లూ తమ గొర్రెలను వేరు చేసుకున్నారు. వాళ్లకు ఆయనమీద అనుమానమని కాదు. చెవులు అడిగించుకున్న కాపరి చేతిలో మందను ఉంచితే నవ్వుతారని. మా గొర్రెలను మాత్రం ఆయన ఇంకా వదల్లేదు. నెల గడువు అడిగాడు. చెవులు తెస్తానన్నాడు.

రోజూ పొద్దున గొర్రెలను తన భార్యకు అప్పగించి, ఆ గుండ్ల సందుల్లో వెతకడానికి పోయేవాడు. చిరుత ఉన్న సందుల్లో, చేతిలో కర్ర ఒక్కటి. మా పొలం గట్టుమీద నుంచి చూస్తే కొండమీద ఆయన చిన్నగా కనిపించేవాడు. ఒక సందులోకి వంగి దూరేవాడు. నేను ఆయన బయటికి వచ్చేదాకా చూసి, వచ్చాక పని చేసుకునేవాణ్ని. అంత దయ నాకుండేది.

పెళ్లికి తొమ్మిది రోజులుందనగా మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. నాయన బట్టలకు హిందూపురం పోయి ఉన్నాడు. అవ్వ లోపల పడుకుంది. నేనొక్కణ్నే అరుగుమీద ఉన్నాను. ఆయన కంబళి కొంగు విప్పి ఒక చెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఒకటే. ఎండి తోలుముక్కలా ఉంది. కింద అర్ధచంద్రం కోత.

"రెండోది దొరకల్యాప్పా. శానా ఎతికినా. ఎంటికలు, ఎముకలు, బొచ్చు కలిసిన చిరుత పెంట, అన్నీ ఉండాయి ఆడ. మీ నాయన్ను రమ్మను, చూపిస్తా. ఇది చాలు గదా?"

"చాలు" అన్నాను. "నాయన రాగానే చూపిస్తా."

ఆయన మొహం చూసి ఉంటే మీరెవరూ ఆ తర్వాత నేను చేసిన పని చేయలేరు. నేను చేశాను. ఆ చెవి నాయన చేతికి పోతే ఆయన ఊరందరికీ చూపిస్తాడు. చూపిస్తే చిరుత ఉందని తేలుతుంది. ధర్మవరం చేరడానికి ఒక్క రోజు చాలు. సంబంధం పోతుంది, నేను అబద్ధాలకోరునని, కంబళి పట్టుకున్నవాణ్నని తేలుతుంది. సాయంత్రం స్నానాల పొయ్యి మండుతుంటే చెవిని అందులో వేశాను. బొచ్చు కాలిన వాసన ఇల్లంతా కొట్టింది. "ఏందిరా ఆ వాసన?" అని అవ్వ అడిగింది. పాత చెప్పు తోలు కాల్చానని చెప్పాను.

ఆయన రెండు రోజులు ఎదురుచూశాడు. నాయన ఆయనకు ఎదురుపడినా చెవి గురించి ఏమీ అనలేదు. అనడానికి నాయనకేమి తెలుసు? మూడో రోజు మా గొర్రెలను తోలుకొచ్చి దొడ్లో వదిలి, ఒక్కొక్కదాని చెవులు నాయనకు చూపించి, భార్యను తీసుకుని ఊరు విడిచాడు. ఆ వేళ నేను పెనుకొండలో పని కల్పించుకుని పోయాను.

పెళ్లయింది. నా భార్య మా ఊరికి వచ్చింది. ఏళ్లు గడిచాయి. పిల్లలు పుట్టారు, అవ్వ పోయింది. అరవైలలో ఒక కరువు ఏట, నీళ్లు లేక కొండమీది జంతువులు కిందికి దిగాయి. ఒకరోజు పొద్దున్నే, అందరూ చూస్తుండగా, చిరుత మా ఊరి బావి దగ్గర దూడను పట్టుకుంది. ఆడవాళ్లు కేకలేస్తూ మిద్దెలెక్కారు. నా భార్య కూడా మిద్దెక్కింది. భయపడి కాదు, బాగా కనిపిస్తుందని.

"ఎంత బాగుండాదో! వచ్చి చూడు!" అని నన్ను పిలిచింది.

"మీ నాయన దీనికే భయపడినాడు" అన్నాను.

"మా నాయనకు బొద్దింకంటే గూడా బయమే. చిరుత ఉండాదని చెప్పింటే నేను ఇంకా ముందే వస్తాంటి."

ఆ సాయంత్రం అరుగులమీద ఒకటే మాట. అయితే ఆ కాపరి చెప్పింది నిజమేనేమో, పాపం అన్నారు. నేను అక్కడే కూర్చుని, "ఏమో, ఉండొచ్చు" అన్నాను. చిరుతే వచ్చి సాక్ష్యం చెప్పిన తర్వాత కూడా నా నోటికి వచ్చింది అదే.

నా భార్య వాకిట్లో పూలు కడుతూ విన్నది. లోపలికి వచ్చాక, "ఏ కాపరి?" అని అడిగింది. చెప్పాను. కంబళి దగ్గర్నుంచి పొయ్యిదాకా మొత్తం. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నా పేరు పెట్టుకుని చేసినావు" అంది. చేతిలో పూలు పక్కన పెట్టి, "ఆయప్ప యాడుండాడు ఇప్పుడు?" అంది.

హిందూపురంలో ఉన్నాడని తెలిసింది. ఒక శుక్రవారం ఇద్దరం రైలెక్కి పోయాం. సంతలో గొర్రెలు అమ్మేచోట కనిపించాడు. వ్యాపారులు కొన్న గొర్రెలను లారీ వచ్చేదాకా కాయడం ఆయన పని. రెండొందల గొర్రెల మందను పేరుపేరునా పిలిచినవాడు, గంటకోసారి మారిపోయే గొర్రెల మధ్య తాడు పట్టుకుని కూర్చున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు.

"ఏమప్పా, బాగుండావా? ఈయమ్మేనా ధర్మవరం పాప?"

తప్పు చేశానని చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలకే ఆపేశాడు. "నాకేంటికి చెప్తాండావు? నువ్వు చూసినావని నాకు తెల్దా?"

"అది కాదు. నువ్వు తెచ్చిన చెవి నాయనకు చూపించలేదు. కాల్చేసినా."

ఆయన తాడు వదిలేశాడు. గొర్రె ఒకటి పక్కకు పోతే నా భార్య పోయి తాడు పట్టుకుంది.

"పెద్దాయన చూడల్యా?" అన్నాడు. మళ్లీ, "చూడనే ల్యా?" అన్నాడు. "చెవి చూసి గూడా నోరు మెదపల్యా అనుకుంటినే. ఆయప్ప మొహం చూడగూడదని మీ అవ్వ సావుకు గూడా రాకపోతిని. ఆయమ్మ నాకు ఎన్నిసార్లు సద్ది పోసింది..."

నేను ఆయన కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు. "ఈడ వద్దు. సంతలో ఎవురికీ నేనెవురో తెల్దు. వాకిట్లో అడిగినావు, వాకిట్లోనే చెప్పు. ముప్పైమంది ఉండిరి ఆ పొద్దు."

చెప్తానన్నాను. వచ్చిన నెలకు గానీ నోరు పెగల్లేదు. నాయన ఉన్నాడు, పిల్లలు ఎదుగుతున్నారు, ఇంట్లో చుట్టాలున్నారు, ఏదో ఒకటి. నా భార్య రోజూ అడగలేదు. రైలు టైము మాత్రం అప్పుడప్పుడు చెప్పేది. చివరికి ఒక సాయంత్రం చెప్పాను. వాకిట్లో నాయన, ఇద్దరు పక్కింటివాళ్లు, గడ్డి మోపు దించి కూర్చున్న ఒక కూలాయన, నా భార్య. ఐదుగురు. జనం తక్కువగా ఉన్న పూట చూసుకునే చెప్పాను.

నాయన, "ఒక్క చెవి చాలుండెరా" అని లేచి లోపలికి పోయాడు. పక్కింటాయన, "అప్పుడే అనుకుంటిమిలేప్పా" అన్నాడు. అంతే. నేను ఇన్నేళ్లు మోసింది వాళ్లకు ఒక తమలపాకు నమిలేంత సేపు కూడా పట్టలేదు.

మళ్లీ హిందూపురం పోయాం. చెప్పానన్నాను. ఆయన మొహం విప్పారింది.

"ఎంతమంది ఉండిరి?"

నా భార్య నా పక్కనే ఉంది. "ఇరవై మంది దాకా" అన్నాను.

ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఐదు అంటే ఆయన మొహం మళ్లీ ముడుచుకుంటుందని అనుకున్నానా, నాకే సిగ్గేసిందా? "ఇరవై మందా!" అని ఆయన పక్కనున్న కాపర్లను పిలిచి, "మా ఊర్లో చెప్పినారంట. నేను అమ్ముకోల్యా అని, ఇరవైమంది ముందర" అని కన్నడంలోనూ తెలుగులోనూ చెప్పాడు. మాకు టీ తెప్పించాడు.

రైల్లో నా భార్య కిటికీవైపు తిరిగి కూర్చుంది. స్టేషన్ దగ్గరపడుతుండగా, "ఇంకా పదైదు మంది కావల్ల" అంది.

మరుసటి రోజు మొదలుపెట్టాను. కల్లంలో ఒకరికి, బావి దగ్గర ఇద్దరికి, రొద్దం దోవలో బండి ఆపి ఒకాయనకు. ఆనాడు వాకిట్లో నవ్విన వాళ్లనే వెతుక్కుంటూ పోయాను. కొందరు చనిపోయారు. కొందరు పనులకు బెంగుళూరు పోయారు. ఒకాయన విని, "నాకేంటికి చెప్తాండావబ్బా ఇదంతా?" అని విసుక్కున్నాడు. ఆయన్ను కూడా లెక్కలో వేసుకున్నాను. ఆ పదిహేనులో లెక్క పదకొండుదాకా వచ్చింది. పన్నెండో మనిషి దొరకకముందే కాపరి హిందూపురంలో చనిపోయాడని కబురొచ్చింది. ఆయన ఇరవై అనే అనుకుంటూ పోయాడు.